ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు



జ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థ అనే మాట ఈ మధ్య ప్రభుత్వ పత్రాల్లో, బడ్జెట్ ప్రసంగాల్లో, స్నాతకోత్సవ వేదికల మీద తరచుగా వినిపిస్తున్నది. భూమి, యంత్రం, కండబలం కంటే మనిషికి తెలిసిన విషయానికీ, తెలియని విషయాన్ని తానుగా తెలుసుకోగల శక్తికీ ఎక్కువ వెల కట్టే ఆర్థిక వ్యవస్థ అని దాని స్థూలార్థం. నిర్వహణ శాస్త్ర రచయిత పీటర్ డ్రకర్ 1959లోనే, చేతిపనితో కాక తెలివితో సంపద సృష్టించే ఉద్యోగికి జ్ఞాన శ్రామికుడని పేరు పెట్టాడు. ఈ నిర్వచనంలో బరువంతా తానుగా తెలుసుకోగల శక్తి అన్న చోటనే ఉంది. పదో తరగతిలో నేర్చిన విషయం పదేళ్ళలో పాతబడవచ్చు గాని, కొత్తదాన్ని చదివి అర్థం చేసుకునే అలవాటున్న వానికి అది పెద్ద నష్టం కాదు. అటువంటి అలవాటును బడి ఏ వయసులో, ఏ పద్ధతిలో కలిగించగలదన్నదే ఈ ప్రసంగ విషయం.

ఈ ప్రశ్న వేయడానికి అవిభక్త చిత్తూరు జిల్లా తగిన చోటు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వెలిసింది. ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ 2015లో ఒకే ఏడాది వచ్చాయి. తమిళనాడు సరిహద్దున సత్యవేడు వైపు శ్రీసిటీ పారిశ్రామిక వాడ పెరిగి, అక్కడి కర్మాగారాల్లో సెల్‌ఫోన్ల తయారీ కూడా అదే ఏడాది మొదలైంది. 2022 జిల్లాల పునర్విభజనతో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం సైతం తిరుపతి జిల్లాలోకి చేరింది. ఇంత విజ్ఞాన సంపద ఒకచోట పోగుపడిన ప్రాంతాలు దక్షిణాదిలో ఎక్కువ లేవు. అయితే ఈ సంస్థల్లో పరిశోధకులుగా చేరేవారిలో, శ్రీసిటీలో యంత్రాన్ని రూపకల్పన చేసేవారిలో చుట్టుపక్కల పల్లె బడుల నుంచి వచ్చినవారు ఎందరన్న ప్రశ్న వేస్తే, జవాబు కోసం ఆ సంస్థల ప్రవేశ పరీక్షల దగ్గర కాక పల్లెలోని ఒకటో తరగతి గది దగ్గర వెతకవలసి వస్తుంది.

ఆ గది ఎలా ఉంటుంది? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న బడిలో పిల్లల సంఖ్య అరవై దాటనంతవరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని ఆ చట్టం షెడ్యూలు చెబుతుంది. శ్రోతలు ఈ లెక్కను ఒక్కసారి మనసులో వేసుకోవాలి. తరగతులు ఐదు. ఉపాధ్యాయులు ఇద్దరు. అంటే ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో రెండు మూడు తరగతులకు చదువు చెప్పడం, విద్యావేత్తలు బహుతరగతి బోధన అని పిలిచేది, ఎక్కడో మారుమూల జరిగే మినహాయింపు కాదు; చిన్న ఊళ్ళకు చట్టమే అంగీకరించిన మామూలు స్థితి. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, పాఠశాలల కాంప్లెక్స్ సమావేశానికి వెళ్ళినా, ఆ పూట బడి మొత్తం ఏకోపాధ్యాయ పాఠశాలే అవుతుంది.

అటువంటి గదిలో పాఠ్యపుస్తకం పట్టుకొని తరగతి తరువాత తరగతికి పాఠం చెప్పే పద్ధతి నడవదు. అయ్యవారు మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నంతసేపు ఒకటో తరగతి పలక మీద ఉన్న అక్షరాలనే దిద్దుతూ ఉంటుంది, ఐదో తరగతి చదువుకోండి అన్న ఆదేశం విని కిటికీలోంచి బయటకు చూస్తుంది. పిల్లల సమయంలో పెద్ద భాగం ఎదురుచూడడంలోనే పోతుంది. ఉపాధ్యాయుడు బద్ధకస్తుడు కావడం వల్ల ఇలా జరగదు. ఒక తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉంటాడని ఊహించుకొని రాసిన పుస్తకాన్ని, శిక్షణను, వేళాపట్టికను ఇద్దరే ఉన్న బడికి పంపడం వల్ల జరుగుతుంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న అసర్ సర్వేలు దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠాన్ని చదవలేకపోతున్నారని మళ్ళీ మళ్ళీ చూపించాయి. రెండో తరగతి పాఠం చదవలేని పిల్లవానికి ఆరో తరగతి విజ్ఞానశాస్త్రం, ఎనిమిదో తరగతి ట్యాబ్, పదో తరగతి కంప్యూటర్ కోర్సు ఏవీ అందవు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రాథమిక దశలో చదవడం, రాయడం, లెక్క చేయడం అనే మూడింటికీ అన్నిటికంటే ముందు స్థానం ఇవ్వడానికి కారణం ఇదే.

ఈ సమస్యకు దేశంలో దొరికిన మేలైన జవాబుల్లో ఒకటి ఈ జిల్లాలోనే పుట్టింది. మదనపల్లెకు దగ్గరలో, కురబలకోట మండలంలో, రాతిగుట్టల నడుమ రిషివ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల నుంచి రూపుదిద్దుకున్న అక్కడి ఆశ్రమ పాఠశాల పేరు దేశమంతటా తెలుసు. అది ఫీజు కట్టగలిగిన కుటుంబాల పిల్లలు చదివే బడి గనుక దాని గురించి ఇక్కడ ఎక్కువగా చెప్పనక్కరలేదు. దాని ప్రహరీకి వెలుపల జరిగిన పని వేరు. 1980ల చివరి నుంచి ఆ సంస్థ గ్రామీణ విద్యా విభాగం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ పాఠశాలలు తెరిచింది. వీటిని ఉపగ్రహ పాఠశాలలు అన్నారు. పద్మనాభరావు, రమ దంపతులు ఈ బడుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, పాఠ్యపుస్తకం స్థానంలో కార్డులతో నిండిన ఒక పెట్టెను తయారు చేశారు. పెట్టెలో బడి అన్న పేరుతో అది ప్రసిద్ధికెక్కింది.

ఈ పద్ధతిని కొంత నిదానంగా వివరించాలి, ఎందుకంటే దీని విలువంతా వివరాల్లోనే ఉంది. ఒకటో తరగతి నుంచి నేర్చుకోవలసిన తెలుగును, గణితాన్ని, పరిసరాల విజ్ఞానాన్ని ముందుగా చిన్న చిన్న మెట్లుగా విడదీశారు. ప్రతి మెట్టుకూ కొన్ని కార్డులు ఉంటాయి. మొదటి కార్డు విషయాన్ని పరిచయం చేస్తుంది, తరువాతివి అభ్యాసం చేయిస్తాయి, ఆ పైది వచ్చిందో లేదో పరీక్షిస్తుంది. రాకపోతే లోటు సవరించే కార్డు వేరుగా ఉంటుంది, వస్తే ఇంకొంచెం ముందుకు తీసుకుపోయే కార్డు ఉంటుంది. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు ఉంటుంది గనుక, చదవడం ఇంకా రాని పిల్ల సైతం తన కార్డును తానే వెతికి తీసుకోగలుగుతుంది. ఈ మెట్లన్నీ వరుసగా చూపే పెద్ద పటం గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని అభ్యసన నిచ్చెన అంటారు. ఉదయం బడికి రాగానే పిల్ల నిచ్చెన దగ్గరకు వెళ్ళి నిన్న ఏ మెట్టు మీద ఆగిందో చూసుకొని, ఈ రోజు కార్డును తెచ్చుకొని, ఆ పనికి ఏర్పడిన బృందంలో కూర్చుంటుంది. ఒక బృందానికి ఉపాధ్యాయుని సాయం పూర్తిగా కావాలి. ఒక బృందానికి కొంత చాలు. ఇంకొక బృందంలో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. మరొక బృందం ఎవరి పని వారే చేసుకుంటుంది.

ఇందులో తరగతి అనే గోడ కరిగిపోతుంది. ఏడేళ్ళ పిల్ల గణితంలో ముందు, తెలుగులో వెనుక ఉండవచ్చు. అయినా ఎవరూ ఆమెను పై తరగతి, కింది తరగతి అనరు. ఐదు తరగతులను ఒకేసారి అదుపు చేయవలసిన కష్టం ఉపాధ్యాయునికి తగ్గి, తన సాయం ఏ బృందానికి కావాలో ఆ బృందం దగ్గర కూర్చునే వీలు కలుగుతుంది. పిల్లల వయసులు, స్థాయులు వేరువేరుగా ఉండడం లోపమని మామూలు బడి భావిస్తుంది. ఈ పద్ధతి దాన్నే వనరుగా మార్చుకుంటుంది.

ఈ ప్రాంతపు బతుకుతో ఈ పద్ధతికి ఉన్న పొత్తును కూడా చెప్పుకోవాలి. వర్షాధార భూముల్లో వేరుశనగ కాయ తెంపే రోజుల్లో, టమాటా కోతల రోజుల్లో ఇంట్లో పెద్దలకు పిల్లల చేతిసాయం అవసరమవుతుంది. చిన్నబిడ్డను చూసుకునే పని ఆడపిల్ల మీద పడుతుంది. కొన్ని కుటుంబాలు పని కోసం బెంగళూరుకు పోయి నెలా రెండు నెలల తరువాత తిరిగి వస్తాయి. మామూలు బడిలో అటువంటి పిల్ల తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు సాగిపోయి ఉంటాయి, తప్పిపోయిన భాగాన్ని మళ్ళీ చెప్పేవారుండరు, ఏమీ అర్థం కాక మెల్లగా బడి మానేస్తుంది. నిచ్చెన ఉన్న బడిలో ఆమె ఎక్కడ ఆగిందో అక్కడి మెట్టే ఆమె కోసం ఉంటుంది. నెల పోయింది గాని చదువు తెగలేదు. బడి మానేసేవారి సంఖ్యను తగ్గించడానికి చేసే ప్రచారాలన్నిటికంటే ఈ ఒక్క ఏర్పాటు ఎక్కువ పని చేస్తుందని భావించడానికి తగిన ఆధారం ఇందులోనే ఉంది.

ఈ బడులు జరిపే మెట్రిక్ మేళా కూడా చెప్పుకోదగినది. కొలతలను పుస్తకంలో వల్లించడానికి బదులు, పిల్లలు ఒక రోజు ఊరివారిని పిలిచి, తూనికలు, కొలతలతో చిన్న సంతను తామే నడుపుతారు. తల్లులు, తాతలు వచ్చి తమ ఎత్తును, బరువును కొలిపించుకుంటారు, పిల్లలు అడిగే అంచనా ప్రశ్నలకు జవాబు చెప్పబోయి ఓడిపోయి నవ్వుతారు. అంచనా వేయడం, కొలవడం, అంచనాకూ కొలతకూ తేడా చూడడం, ఆ తేడాకు కారణం అడగడం. ఐసర్ ప్రయోగశాలలో పరిశోధకుడు చేసే పని కూడా వరుసగా ఇదే. బడి చదువుకూ, జ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థకూ మధ్య ఉన్న లంకె ఇటువంటి చోట తేటతెల్లంగా కనబడుతుంది.

ఇంతకు ముందు చెప్పిన మాటను మరొకసారి చెప్పుకోవడం అవసరం. జ్ఞాన శ్రామికునికి కావలసింది తానుగా తెలుసుకునే శక్తి. తన స్థానాన్ని తానే గుర్తించి, తనకు కావలసిన పనిని తానే ఎంచుకొని, చేతకానప్పుడు పక్కవారిని అడిగి, వచ్చిందో లేదో పరీక్షించుకొని ముందుకు సాగే ఏడేళ్ళ పిల్ల ఆ శక్తిని అప్పుడే సంపాదించుకోవడం మొదలుపెట్టింది. ఆమె చేతిలో కంప్యూటర్ లేదు, ఉన్నది ఒక అట్టముక్క.

పెట్టెలో బడి జిల్లా సరిహద్దు దాటి చాలా దూరం ప్రయాణించింది. 1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా నుంచి ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి చూసి, తిరిగి వెళ్ళి కన్నడంలో కార్డులు తామే తయారు చేసుకున్నారు. నలి కలి అనే పేరుతో అది తరువాత ఆ రాష్ట్రమంతటా వ్యాపించింది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో కమిషనర్ ఎం. పి. విజయకుమార్ చొరవతో ఇదే పద్ధతి కొద్ది పాఠశాలల్లో మొదలై, కొన్నేళ్ళలోనే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ చేరింది. పిల్లలు రాసుకోవడానికి వీలుగా గోడల అడుగున నల్లబల్లలు వేయించారు, ఉపాధ్యాయులు కుర్చీ వదలి నేల మీద పిల్లల మధ్య కూర్చున్నారు. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయ విద్యావేత్తలు సైతం దీన్ని అధ్యయనం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా స్నేహబాల కార్డుల పేరుతో ఒకటి, రెండు తరగతుల్లో ఇటువంటి ప్రయత్నం జరిగింది గాని, పాఠ్యపుస్తకాన్నీ కార్డులనూ పక్కపక్కనే నడపవలసి వచ్చిన చోట పుస్తకమే గెలిచింది. ఇంట పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రాల్లో ఎక్కువ ఆదరణ పొందడం ఈ జిల్లా విద్యా చరిత్రలో కొంత బాధ కలిగించే అధ్యాయమే.

అయితే ఈ పద్ధతిని మంత్రదండంగా చూపడం న్యాయం కాదు. ఒక చోట పదేళ్ళ ఓపికతో, పరిచయమున్న పల్లెల్లో ఎదిగిన పని వేల బడులకు ఒకే ఉత్తర్వుతో వెళ్ళినప్పుడు దాని ఆత్మ పలచబడింది. తమిళనాడులో పిల్లలు కార్డు తరువాత కార్డు యాంత్రికంగా తిప్పుతున్నారని, ఉపాధ్యాయుడు మాట్లాడడం, కథ చెప్పడం తగ్గిపోయిందని విమర్శలు వచ్చాయి. కాలక్రమంలో పద్ధతిని సరళం చేయవలసి వచ్చింది. ఆ విమర్శలో నిజముంది. హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు తమ కార్డులను తామే రాసుకున్నారు గనుక ఏ మెట్టు ఎందుకుందో వారికి తెలుసు. ముద్రించిన పెట్టెను అందుకున్న ఉపాధ్యాయునికి అది పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి పంపినట్లే అనిపించింది. పిల్లవాడు తానుగా ఆలోచించాలని కోరే వ్యవస్థ, ఉపాధ్యాయునికి మాత్రం ఆలోచించే వెసులుబాటు ఇవ్వకపోతే, ఆ కోరిక తీరదు.

గత కొన్నేళ్ళలో రాష్ట్రంలో జరిగిన సంస్కరణలను ఈ దృష్టితో చూస్తే వాటి బలమూ, పరిమితీ తెలుస్తాయి. భవనాలు, మరుగుదొడ్లు, తాగునీరు బాగుపడిన చోట పిల్లలకు మేలే జరిగింది, అందులో వాదానికి తావులేదు. ఇంగ్లిషు మాధ్యమం మీద జరిగినంత చర్చ పిల్లవాడు ఏ భాషలోనైనా ఒక పేరాను చదివి అర్థం చెప్పగలుగుతున్నాడా అన్న దాని మీద జరగలేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు బైజూస్ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌లను పంచింది. రెండేళ్ళు తిరగకముందే, 2024లో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2022లోనే మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ ఏర్పాటును రద్దు చేసి, పిల్లలు ఎక్కువగా ఉన్నచోట తరగతికి ఒక టీచర్ ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ప్రవేశపెట్టారు. ఆదర్శ పాఠశాల దక్కిన ఊరికి అది నిస్సందేహంగా మంచిదే. దక్కని చిన్న ఊరిలో మాత్రం పాత లెక్కే మిగిలి ఉంది. తరగతులు ఐదు, ఉపాధ్యాయులు ఇద్దరు.

పట్టణాల్లో కథ వేరు. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో నడిచే ప్రైవేటు పాఠశాలలకు కొదవ లేదు. అక్కడ ఉపాధ్యాయులకు లోటు లేదు, పరీక్షలకు అసలే లోటు లేదు. కాని అక్కడి పిల్లవాడు కూడా ఏ అధ్యాయం ఎప్పుడు చదవాలో, ఏ బిట్టుకు ఏ జవాబు గుర్తించాలో ఇతరులు నిర్ణయించగా విని చేసేవాడే. పల్లె బడిలో పిల్ల ఎదురుచూస్తూ కూర్చుంటే, పట్టణపు బడిలో పిల్లవాడు ఊపిరి తిప్పుకోకుండా పరుగెత్తుతాడు. తానుగా నేర్చుకునే తీరిక ఇద్దరికీ లేదు. పదో తరగతి పరీక్ష చదివి అర్థం చేసుకున్న దాన్ని కాక జ్ఞాపకం పెట్టుకున్న దాన్ని కొలిచినంత కాలం, ఏ యాజమాన్యమైనా ఇంతకంటే భిన్నంగా నడుచుకోవడం కష్టం.

ఇక ఉపాధ్యాయుల తయారీ. ఈ జిల్లాలో ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ డైట్ కార్వేటినగరంలో ఉంది. అటువంటి సంస్థల్లో రెండేళ్ళ డీఎడ్ చదివి, టెట్, డీఎస్సీ పరీక్షలు గట్టెక్కి ఉద్యోగంలో చేరే యువ ఉపాధ్యాయులకు మొదటి నియామకం తరచుగా దక్కేది బస్సు సౌకర్యం కూడా సరిగా లేని చిన్న ఊరే, అంటే బహుతరగతి బడే. పాఠ్యపథకాలు మాత్రం ఒక తరగతి, ఒక పాఠం, నలభై నిమిషాల పీరియడ్ అన్న ఊహ మీద రాస్తారు. శిక్షణలో కనీసం ఒక దఫా పూర్తిగా ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో గడిపి, అక్కడి పిల్లల కోసం ఒక విషయంలోనైనా నిచ్చెనను, కార్డులను సొంతంగా తయారు చేయడం విధిగా పెడితే, ఆ పనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త యాప్ అంతకన్నా అక్కరలేదు. ఐఐటీ, ఐసర్ విద్యార్థులు కూడా ఆ కార్డుల తయారీలో పాలు పంచుకోవచ్చు. సున్నను పదుల స్థానంలో మొదటిసారి చూసే పిల్లకు ఎక్కడ తికమక కలుగుతుందో కనిపెట్టడం గణితం చదివేవారికి చిన్న పనేమీ కాదు.

చివరిగా బదిలీల విషయం. శ్రోతల్లో ఉపాధ్యాయులుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక బడిలో ఇద్దరూ కలిసి కొత్త పద్ధతిని నిలబెట్టిన తరువాత, బదిలీల కౌన్సెలింగ్‌లో ఇద్దరూ ఒకే వేసవిలో వెళ్ళిపోతారు. కొత్తగా వచ్చినవారు కార్డుల ట్రేలను చూసి, ఇవేమిటో తెలియక, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. జూలై నాటికి పాఠ్యపుస్తకం తిరిగి వస్తుంది. దీనికి విరుగుడు సులభమైనదే. బహుతరగతి పద్ధతి నడుస్తున్న బడుల్లో ఇద్దరినీ ఒకే ఏడాది కదపకుండా ఒకరి తరువాత ఒకరిని బదిలీ చేయడం, ఖాళీల జాబితాలో ఆ బడి పేరు పక్కన అక్కడ ఏ పద్ధతి నడుస్తున్నదో ఒక గడిలో రాయడం, ఆ గడి చూసి కోరుకున్నవారికి జూన్‌లో బడి తెరవడానికి ముందే పాత ఉపాధ్యాయుని పక్కన ఒక వారం కూర్చునే అవకాశం ఇవ్వడం. జిల్లా విద్యాశాఖ కార్యాలయం వచ్చే కౌన్సెలింగ్ జాబితా తయారు చేసేటప్పుడే ఆ గడిని చేర్చవచ్చు.